టెస్ట్‌లో 40 మిల్లీసెకన్లు, ప్రొడక్షన్‌లో నిమిషం: సార్టింగ్, గ్రూపింగ్‌లను ఎలా పరీక్షించాలి?

ప్రశ్న: రెండేళ్లుగా ఒక బ్యాకెండ్ టీమ్‌లో పని చేస్తున్నాను. మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 15. మూడేళ్ల లావాదేవీలున్న టేబుల్ నుంచి నెలవారీ మొత్తాలు తీసే రిపోర్ట్ ఒకటుంది. టైమ్ జోన్ లేని టైమ్‌స్టాంప్ కాలమ్‌ను డేట్_ట్రంక్‌తో నెలకు కుదించి, దాని మీద గ్రూప్ బై, మళ్లీ దాని మీదే ఆర్డర్ బై పెట్టాం. టెస్ట్ డేటాబేస్‌లో 20,000 రికార్డుల మీద 40 మిల్లీసెకన్లలో వచ్చేస్తుంది. ప్రొడక్షన్‌లో 2 కోట్ల రికార్డుల మీద నిమిషం దాటుతోంది. టైమ్‌స్టాంప్ మీద ఇండెక్స్ వేసినా తేడా రాలేదు. ప్లాన్‌లో (క్వెరీని డేటాబేస్ ఏ అడుగుల్లో నడిపిందో చూపే జాబితా) ‘సార్ట్ మెథడ్: ఎక్స్‌టర్నల్ మెర్జ్, డిస్క్’ అని, పక్కన 6 లక్షల కేబీ పైచిలుకు అంకె కనిపిస్తోంది. వర్క్_మెమ్ (సార్ట్ లాంటి పనికి ఇచ్చే మెమరీ హద్దు) పెంచమని ఒకరు, క్వెరీ తిరగరాయమని ఇంకొకరు అంటున్నారు. ఇలాంటివి ముందే పట్టుకునే టెస్టులు రాసే పని మా లీడ్ నాకు అప్పజెప్పారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది. ఇంకో సంగతి: మా పక్క టీమ్ మైఎస్‌క్యూఎల్ 5.7 నుంచి 8.0కి మారాక కొన్ని టెస్టులు ఫెయిల్ అవుతున్నాయి, రికార్డులు వేరే వరుసలో వస్తున్నాయట. ఈ రెండూ ఒకే రకం సమస్యలా? ప్లాన్ జత చేస్తున్నాను.

సమాధానం:

ముందు మీ రిపోర్ట్ సంగతి చూద్దాం. టెస్టులు ఎలా రాయాలో అందులోంచే తేలుతుంది.

మీ దగ్గర అందరి కళ్లూ ఆ డిస్క్ అంకె మీదే, అంటే మెమరీ చాలక సార్ట్ డిస్క్‌కు రాసిన డేటా మీదే పడ్డట్టున్నాయి. నన్ను ఆపింది మాత్రం దానికి పైనున్న గ్రూప్ అగ్రిగేట్ లైను. అక్కడ రెండు అంకెలున్నాయి. ఎన్ని గ్రూపులు వస్తాయని ప్లానర్ (క్వెరీని ఏ దారిలో నడపాలో తేల్చే భాగం) అనుకుందో చెప్పే అంకె దాదాపు 2 కోట్లు. నిజంగా వచ్చిన గ్రూపులు 36. మూడేళ్లకు 36 నెలలు, గ్రూపులు కూడా దాదాపు అన్నే వస్తాయి. మీ సమస్య మొత్తం ఈ రెండు అంకెల మధ్య ఉంది.

గ్రూప్ బై చేయడానికి పోస్ట్‌గ్రెస్‌కు ప్రధానంగా రెండు దారులున్నాయి. మొదటిది హ్యాష్: ఒక్కో గ్రూప్‌కు మెమరీలో ఒక గడి పెట్టుకుని, రికార్డు వచ్చినప్పుడల్లా దాని గడిలో కూడిక చేసుకుంటూ పోవడం. రికార్డులు ఎన్ని ఉన్నా ఫర్వాలేదు, గడులు తక్కువైతే చాలు. రెండోది సార్ట్: రికార్డులన్నింటినీ ముందు వరుసలో పేర్చి, ఒకే నెలవి పక్కపక్కకు వచ్చాక లెక్క కట్టడం. మీకు 36 గడులు చాలు. కానీ 2 కోట్ల గడులు కావాలని ప్లానర్ అనుకుంది. అన్ని గడులు మెమరీలో పట్టవు కాబట్టి సార్ట్ దారి పట్టింది. పైగా మీ ఆర్డర్ బై కూడా అదే నెల మీద ఉంది. ఎలాగూ చివర్లో సార్ట్ చేయాల్సిందే కదా, ముందే చేస్తే రెండు పనులూ ఒకేసారి అయిపోతాయని లెక్క వేసుకుంది. దానికి తెలిసినంతలో అది సరైన లెక్కే.

మరి 2 కోట్లు అని ఎందుకు అనుకుంది? అనలైజ్ (టేబుల్ గణాంకాలు సేకరించే కమాండ్) నడిచినప్పుడు పోస్ట్‌గ్రెస్ టేబుల్ నుంచి కొన్ని రికార్డులు శాంపిల్‌గా తీసుకుంటుంది. మామూలు సెట్టింగ్‌లో ఆ శాంపిల్ 30,000 రికార్డులు. దాన్నిబట్టి ఒక్కో కాలమ్‌లో ఎన్ని వేర్వేరు విలువలున్నాయో అంచనా కట్టి దాచుకుంటుంది. మైక్రోసెకన్ల దాకా నిల్వ ఉండే టైమ్‌స్టాంప్‌లో దాదాపు ప్రతి విలువా వేరేగానే ఉంటుంది. మీరు గ్రూప్ చేసేది ఆ కాలమ్ మీద కాదు, డేట్_ట్రంక్ ఇచ్చే ఫలితం మీద. ఆ ఫలితం గురించి విడిగా గణాంకాలేవీ లేవు కాబట్టి, కాలమ్‌లో ఎన్ని విలువలున్నాయో ఫంక్షన్ నుంచీ అన్నే వస్తాయని ప్లానర్ అనుకుంటుంది. నెలకు కుదిస్తున్నాం అన్న సంగతి మనకు తెలుసు, దానికి తెలియదు.

మీ ఇండెక్స్ పని చేయకపోవడానికీ మూలం ఇదే. టైమ్‌స్టాంప్ వరుసలో చదివితే నెలలు కూడా వరుసలోనే వస్తాయని మనిషికి చూడగానే అర్థమవుతుంది. కానీ డేట్_ట్రంక్ వరుసను చెడగొట్టదు అనే జ్ఞానం ప్లానర్‌కు లేదు. దాని దృష్టిలో ఆ ఇండెక్స్ టైమ్‌స్టాంప్ వరుసను మాత్రమే ఇస్తుంది.

కాబట్టి మీ దగ్గర ఇస్తున్న రెండు సలహాలకన్నా ముందు చేయాల్సింది వేరే ఉంది. పోస్ట్‌గ్రెస్ 14 నుంచి క్రియేట్ స్టాటిస్టిక్స్ కమాండ్‌కు ఎక్స్‌ప్రెషన్ కూడా ఇవ్వొచ్చు. ఆ డేట్_ట్రంక్ ఎక్స్‌ప్రెషన్‌ను ఉన్నది ఉన్నట్టు అందులో పెట్టి, ఆ తర్వాత టేబుల్ మీద అనలైజ్ నడపండి. ఈ రెండో అడుగు మరచిపోయి ‘పని చేయలేదు’ అనుకునేవాళ్లను చాలామందిని చూశాను. అనలైజ్ నడిచే దాకా ఆ స్టాటిస్టిక్స్ పేరుకే ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. అది అయ్యాక ప్లాన్ చూస్తే గ్రూపుల అంచనా పదుల్లోకి దిగి, హ్యాష్ అగ్రిగేట్ రావాలి. చివరి ఆర్డర్ బై కోసం పైన ఒక చిన్న సార్ట్ మిగులుతుంది. అది 36 రికార్డుల మీదే కాబట్టి మెమరీ పాతిక కేబీ దగ్గర చూపిస్తుంది. దాన్ని పట్టించుకోకండి.

వర్క్_మెమ్ పెంచమన్న సలహా పూర్తిగా తప్పని అనను, కానీ మీ విషయంలో అది రోగం వదిలేసి జ్వరానికి మాత్ర వేయడమే. వర్క్_మెమ్ మామూలుగా 4 ఎంబీ. అది కనెక్షన్‌కు ఒకటి అనుకుంటారు, కాదు. ప్లాన్‌లో ఉన్న ప్రతి సార్ట్‌కూ, ప్రతి హ్యాష్‌కూ విడివిడిగా వర్తిస్తుంది. హ్యాష్ పనులకైతే దాన్ని హ్యాష్_మెమ్_మల్టిప్లయర్‌తో గుణిస్తారు, మీ 15వ వెర్షన్ నుంచి అది మామూలుగా 2. సర్వర్ మొత్తానికి దీన్ని వందల ఎంబీకి పెంచితే, ఒకేసారి ఇలాంటి క్వెరీలు పదో ఇరవయ్యో నడిచిన రోజు మెమరీ అయిపోతుంది. ఇంకోటి కూడా గుర్తుంచుకోండి: డిస్క్ అంకె 600 ఎంబీ చూపించిందని వర్క్_మెమ్‌ను సరిగ్గా 600 ఎంబీ పెడితే సార్ట్ మెమరీలో సరిపోదు. అదే డేటా మెమరీలో డిస్క్ మీదకన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది. నిజంగా పెంచాల్సి వస్తే ఆ ఒక్క ట్రాన్సాక్షన్‌కే సెట్ లోకల్‌తో పెంచండి.

ఇక టెస్టుల విషయం. మీ టెస్ట్ చెప్పిన 40 మిల్లీసెకన్లు అబద్ధం కాదు. ప్రొడక్షన్‌లో జరిగే పనిని మాత్రం అది కొలవలేదు, అదీ చిక్కు. టెస్ట్‌లో కూడా అంచనా తప్పే: 20,000 రికార్డులకు 20,000 గ్రూపులు అనుకుని ఉంటుంది. కానీ ఏ దారి ఎంచుకున్నా అంత డేటా మెమరీలోనే పట్టేస్తుంది కాబట్టి తప్పు బయటపడలేదు. అందుకే నా మొదటి మాట: సార్టింగ్, గ్రూపింగ్ టెస్టుల్లో టైమ్‌ను అసలు తీర్పుగా పెట్టుకోకండి. ప్లాన్‌ను అడగండి. ఏ దారిలో వెళ్లింది, మెమరీలో అయిందా డిస్క్‌కు పోయిందా, అంచనాకూ అసలుకూ ఎంత తేడా వచ్చింది. ఈ మూడు సమాధానాలు మీ లాప్‌టాప్‌లో అయినా, బిల్డ్ సర్వర్‌లో అయినా టైమ్ అంత ఊగిసలాడవు.

దీన్ని ఇప్పుడే మీ కళ్లతో చూడొచ్చు, 2 కోట్ల రికార్డులు అక్కర్లేదు. మీ 20,000 రికార్డుల టెస్ట్ డేటాబేస్‌లోనే వర్క్_మెమ్‌ను 64 కేబీకి దించండి. అంతకన్నా కిందికి పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు. ఇప్పుడు అదే క్వెరీకి ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ (క్వెరీని నిజంగా నడిపి ప్లాన్ చూపే కమాండ్) నడపండి. చాలావరకు మీ ప్రొడక్షన్ ప్లానే చిన్న సైజులో మీ ముందుకొస్తుంది: సార్ట్, ఎక్స్‌టర్నల్ మెర్జ్, డిస్క్, పైన గ్రూప్ అగ్రిగేట్. ఒకవేళ సార్ట్ బదులు హ్యాష్ అగ్రిగేట్ కనిపించి, దాని కింద బ్యాచ్‌లు, డిస్క్ యూసేజ్ అని వచ్చినా కారణం అదే. తర్వాత స్టాటిస్టిక్స్ చేసి, అనలైజ్ నడిపి, అదే 64 కేబీతో మళ్లీ చూడండి. 36 గడులకు 64 కేబీ కూడా సరిపోతుంది. డేటాను పెంచలేనప్పుడు మెమరీని తగ్గించడం, నాకు తెలిసినంతలో ఈ పనికి ఇంతకన్నా పనికొచ్చే చిట్కా లేదు. నిమిషాలు పట్టే పరీక్ష సెకనులో అయిపోతుంది, రోజుకు ఎన్నిసార్లయినా నడపొచ్చు.

హ్యాష్ అగ్రిగేట్ డిస్క్‌కు పోవడం అన్నాను కదా, అది 13వ వెర్షన్‌లో వచ్చింది. అంతకుముందు గ్రూపుల అంచనా తక్కువగా తప్పితే హ్యాష్ మెమరీని తింటూనే పోయేది. మీ అంచనా ఎక్కువగా తప్పింది. తక్కువగా తప్పేదీ ఉంటుంది, దానికీ టెస్ట్ కావాలి. ఇక ఎక్కువగా తప్పే ఇంకో సందర్భం: రెండు మూడు కాలమ్‌ల మీద కలిపి గ్రూప్ చేసినప్పుడు ప్లానర్ ఒక్కో కాలమ్ విలువల సంఖ్యను హెచ్చవేసి అంచనా కడుతుంది. రాష్ట్రం, జిల్లా లాంటి ఒకదానిలో ఒకటి ఇమిడిపోయే కాలమ్‌లైతే ఆ హెచ్చవేత అసలుకన్నా బాగా పెద్ద అంకె ఇస్తుంది. అలాంటి జంటలకు 10వ వెర్షన్ నుంచే ఎన్‌డిస్టింక్ట్ రకం స్టాటిస్టిక్స్ ఉంది.

టెస్ట్ కోడ్‌లో ప్లాన్‌ను ఎలా పట్టుకోవాలి? టెక్స్ట్ రూపంలో తీసుకుని మొత్తం ప్లాన్‌ను పాత ప్లాన్‌తో అక్షరం అక్షరం పోల్చకండి. కాస్ట్ అంకెలు (ప్లానర్ వేసే ఖర్చు అంచనాలు) ప్రతి అనలైజ్‌కూ కాస్త మారతాయి, వారం తిరిగేసరికి ఆ టెస్టును ఎవరూ నమ్మరు. జేసన్ ఫార్మాట్‌లో ప్లాన్ తీసుకుని, చెట్టులా ఉన్న ఆ నోడ్‌లలో (ప్లాన్‌లోని ఒక్కో అడుగు ఒక నోడ్) మీకు కావాల్సిన ఒకటి రెండు సంగతులే అడగండి. ఈ క్వెరీలో ఏ సార్ట్ నోడ్‌కైనా సార్ట్ స్పేస్ టైప్ ‘డిస్క్’ అని ఉందా? గ్రూప్ చేసే నోడ్‌లో అంచనా, అసలు మధ్య తేడా 10 రెట్లు దాటిందా? నేను ఈ రెండే పెడతాను. 10 అన్నది శాస్త్రమేమీ కాదు, నాకు అలవాటైన గీత. మీ డేటాను బట్టి జరుపుకోండి. ఒక జాగ్రత్త: ప్లాన్‌లో చూపే అసలు రికార్డుల సంఖ్య ఒక్కో లూప్‌కు (ఆ నోడ్ ఒకసారి నడవడానికి) సగటు. లూప్‌లు ఎక్కువ ఉంటే గుణించుకోవాలి. పైన లిమిట్ ఉంటే కింది నోడ్ మధ్యలోనే ఆగిపోతుంది కాబట్టి అక్కడ అసలు అంకె చిన్నగా కనిపించడం తప్పు కాదు.

డేటా లోడ్ చేసిన వెంటనే టెస్టులో మీరే అనలైజ్ నడపండి. ఆటోవాక్యూమ్ (వెనకాల తనంతట తానే నడిచే పోస్ట్‌గ్రెస్ నిర్వహణ పని) వచ్చి చేస్తుందిలే అనుకుంటే ఒకరోజు చేస్తుంది, ఒకరోజు చేయకముందే మీ టెస్ట్ నడిచిపోతుంది. ఆ టెస్ట్ ఎందుకు అప్పుడప్పుడు ఫెయిలవుతోందో ఎవరికీ అంతుపట్టదు. టెంపరరీ టేబుల్స్‌నైతే ఆటోవాక్యూమ్ అసలు ముట్టుకోదు.

టెస్ట్ డేటా రికార్డుల సంఖ్యకన్నా దాని ఆకారం ముఖ్యం. జెనరేట్_సిరీస్‌తో వరుసగా నింపిన టేబుల్‌లో తేదీలు ముందే వరుసలో ఉంటాయి. పోస్ట్‌గ్రెస్ క్విక్‌సార్ట్, డేటా ముందే వరుసలో ఉందేమో చూసుకుని, ఉంటే దాదాపు పని లేకుండానే బయటపడుతుంది. దాంతో సార్ట్ చాలా చౌక అనే తప్పు నమ్మకం కలుగుతుంది. కాబట్టి కలగాపులగం చేసి నింపండి. ర్యాండమ్‌తో నింపితే ఇంకో లోపం: అన్ని గ్రూపులూ సమానంగా వస్తాయి. నిజం డేటా అలా ఉండదు, ఒకే కస్టమర్ దగ్గర సగం లావాదేవీలుండొచ్చు. కనీసం మూడు ఆకారాలు తయారు చేసుకోండి. గ్రూపులు చాలా తక్కువ ఉన్నది ఒకటి. ప్రతి రికార్డూ దానికదే గ్రూప్ అయ్యేది ఒకటి. ఒకే గ్రూప్ సగం టేబుల్‌ను మింగేసేది ఒకటి.

ఈ మూడో ఆకారం ఇంక్రిమెంటల్ సార్ట్‌ను పరీక్షించడానికి తప్పనిసరి. కస్టమర్ మీద ఇండెక్స్ ఉండి, కస్టమర్, తేదీ రెండింటి మీద ఆర్డర్ బై అడిగితే, 13వ వెర్షన్ నుంచి పోస్ట్‌గ్రెస్ మొత్తం సార్ట్ చేయదు. ఇండెక్స్ నుంచి కస్టమర్ వరుసలో తెచ్చుకుని, ఒక్కో కస్టమర్ లోపల మాత్రం తేదీ వరుస పెడుతుంది. ప్లాన్‌లో ప్రీసార్టెడ్ కీ అని కనిపిస్తుంది. లిమిట్ ఉన్నప్పుడు ఇది బాగా కలిసొస్తుంది, మొదటి ఒకరిద్దరు కస్టమర్లతోనే పని అయిపోతుంది. కానీ వాళ్లలో ఒకరు ఆ సగం టేబుల్ మింగినవాడైతే? లోపలి సార్ట్ మళ్లీ డిస్క్‌కు పోతుంది. సమానంగా పంచిన డేటాతో ఇది ఎన్నటికీ కనపడదు.

లిమిట్ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ దెబ్బలు అక్కడే తగులుతాయి. ఆర్డర్ బైతో పాటు లిమిట్ 10 ఉంటే పోస్ట్‌గ్రెస్ అన్నింటినీ పేర్చదు. పది రికార్డుల చిన్న కుప్ప పెట్టుకుని, దానికన్నా మెరుగైనది వచ్చినప్పుడే మార్చుకుంటుంది. ప్లాన్‌లో టాప్-ఎన్ హీప్‌సార్ట్ అని ఉంటుంది. ఆఫ్‌సెట్ 1,00,000 పెట్టి లిమిట్ 10 అడిగితే ఆ కుప్ప 1,00,010 రికార్డులది అవుతుంది. పేజీ 1ని మాత్రమే టెస్ట్ చేసి వదిలేయకండి, లోపలి పేజీ ఒకటి తప్పకుండా పెట్టండి.

ఇంకో ఉచ్చు ఇది. వేర్ షరతు ఒక కాలమ్ మీద, ఆర్డర్ బై ఇంకో కాలమ్ మీద, చివర్లో లిమిట్ 10. ఆర్డర్ బై కాలమ్‌కు ఇండెక్స్ ఉంటే ప్లానర్ ఆశపడుతుంది: ‘వరుసలో చదువుకుంటూ పోదాం, షరతుకు సరిపడేవి పది దొరకగానే ఆగిపోదాం, సార్టే అక్కర్లేదు.’ సరిపడే రికార్డులు టేబుల్ అంతటా సమానంగా చెదిరి ఉంటే ఈ ఆశ నిజమవుతుంది. అవన్నీ వరుసలో చివర్న ఉంటే ఇండెక్స్ మొత్తం చదివాక గానీ దొరకవు. కాబట్టి టెస్ట్‌లో కావాలనే అలాంటి డేటా పెట్టండి: ఒక కొత్త కస్టమర్, అతని రికార్డులన్నీ ఈ వారానివే, క్వెరీ మాత్రం పాతవి ముందు అడుగుతుంది. ఇండెక్స్ స్కాన్ కింద ‘రోస్ రిమూవ్డ్ బై ఫిల్టర్’ (చదివి, షరతుకు సరిపడక వదిలేసిన రికార్డులు) అంకె ఎంతుందో చూడండి. సార్ట్ తప్పించుకున్నాం అని సంతోషించే ముందు, తప్పించుకోవడానికి ఎంత చదివామో ఆ అంకె చెబుతుంది.

ఇప్పటిదాకా వేగం గురించి మాట్లాడాను. జవాబు సరైనదా కాదా అన్నది కూడా పరీక్షించాలి, అది చాలామంది చేయరు. పద్ధతి సులువే: అదే క్వెరీని వేర్వేరు దారుల్లో నడిపించి ఫలితాలు పోల్చడం. ఎనేబుల్_హ్యాష్‌ఆగ్ ఆఫ్ చేసి ఒకసారి, ఎనేబుల్_సార్ట్ ఆఫ్ చేసి ఒకసారి, వర్క్_మెమ్ 64 కేబీతో ఒకసారి. ఈ స్విచ్‌లు ఆ దారిని పూర్తిగా మూసేయవు, ఇంకో దారి ఉంటే అటు మళ్లిస్తాయి. అందుకే ప్రతిసారీ ప్లాన్ నిజంగా మారిందో లేదో చూసి మరీ పోల్చండి. ఇవి టెస్టుల్లోనే వాడండి, ప్రొడక్షన్ సెట్టింగ్‌లలో పెట్టకండి.

ఇలా పోల్చినప్పుడు తేడాలొస్తాయి, అన్నీ డేటాబేస్ బగ్‌లు కావు. మొదటిసారి నేను చేసినప్పుడు ఒకే క్వెరీ హ్యాష్‌తో ఒక మొత్తం, సార్ట్‌తో చివరి అంకెల్లో కాస్త వేరే మొత్తం ఇచ్చింది. రెండు రోజులు బగ్ కోసం వెతికాను. కాలమ్ డబుల్ ప్రెసిషన్. దశాంశ భాగాలున్న అలాంటి అంకెలను ఏ క్రమంలో కూడితే దాన్ని బట్టి చివర్లో చిన్న తేడా వస్తుంది. ప్లాన్ మారితే కూడే క్రమం మారుతుంది. డబ్బు లెక్కలు న్యూమరిక్‌లో ఉంటే ఈ గొడవ లేదు. మీ టేబుల్‌లో మొత్తాల కాలమ్ ఏ రకమో ఒకసారి చూసుకోండి. అలాగే అర్రే_ఆగ్, స్ట్రింగ్_ఆగ్ లాంటివి బ్రాకెట్ల లోపల ఆర్డర్ బై ఇవ్వకపోతే రికార్డులు వచ్చిన క్రమంలోనే అతికిస్తాయి. ప్లాన్ మారిన రోజు ఆ స్ట్రింగ్ మారిపోతుంది.

ఆర్డర్ బైలో సమానమైన విలువలుంటే వాటి మధ్య వరుసకు హామీ లేదు. ఒకే తేదీ ఉన్న ఐదు రికార్డులు ఇవాళ ఒకలా, రేపు ఇంకోలా రావచ్చు. లిమిట్, ఆఫ్‌సెట్‌తో పేజీలు చూపిస్తుంటే ఒక రికార్డు రెండు పేజీల్లో కనిపించి, ఇంకోటి ఎక్కడా కనిపించకుండా పోతుంది. చివర్లో ప్రైమరీ కీని కూడా ఆర్డర్ బైలో చేర్చండి.

ఇక్కడికొచ్చాక మీ పక్క టీమ్ సమస్య ఏమిటో మీకే తెలిసిపోయి ఉంటుంది. మైఎస్‌క్యూఎల్‌లో 5.7 దాకా గ్రూప్ బై చేస్తే, అడగకపోయినా ఆ కాలమ్‌ల వరుసలోనే ఫలితం వచ్చేది. 8.0లో అది తీసేశారు. పాత క్వెరీలు ఆర్డర్ బై రాయకుండా ఆ అలవాటు మీద ఆధారపడ్డాయి. ఆ టీమ్ టెస్టులు ఫెయిల్ కావడం మంచిదే, టెస్టులు లేకపోతే ఇది వాడుకదారుల దగ్గర బయటపడేది. వరుస ముఖ్యమైన ప్రతి చోటా ఆర్డర్ బై చేర్చమనండి. వరుస ముఖ్యం కాని చోట, టెస్ట్ కోడ్ రెండు వైపులా సార్ట్ చేసుకుని పోల్చాలి. పాత కోడ్‌లో ఆర్డర్ బై నల్ అని కనిపిస్తే, అది ఆ అనవసరపు సార్ట్‌ను ఆపడానికి అప్పట్లో వాడిన ఉపాయం. 8.0లో దాని అవసరం లేదు.

మీ రెండు సమస్యలూ ఒకటేనా అని అడిగారు. లక్షణాలు వేరు, మూలం మాత్రం దగ్గరిదే. రెండు చోట్లా టెస్టులు ఫలితాన్ని చూశాయి, ఆ ఫలితం ఏ దారిలో వచ్చిందో చూడలేదు.

మైఎస్‌క్యూఎల్‌లో ప్లాన్ చదివేటప్పుడు రెండు మాటల అర్థం సరిగ్గా తెలిసి ఉండాలి. ‘యూజింగ్ ఫైల్‌సార్ట్’ అంటే ఫైల్‌లోకి రాసిందని కాదు, ఇండెక్స్ వరుస దొరక్క విడిగా సార్ట్ చేసిందని మాత్రమే. మొత్తం మెమరీలోనే అయి ఉండొచ్చు. నిజంగా డిస్క్‌కు పోయి ముక్కలు కలిపిందా అన్నది తెలియాలంటే క్వెరీకి ముందూ తర్వాతా సార్ట్_మెర్జ్_పాసెస్ విలువ చూడాలి. అక్కడ సార్ట్ బఫర్ మామూలుగా 256 కేబీ, పోస్ట్‌గ్రెస్‌లో వర్క్_మెమ్ తగ్గించినట్టే దీన్నీ సెషన్‌లో తగ్గించి పరీక్షించొచ్చు. రెండోది ‘యూజింగ్ ఇండెక్స్ ఫర్ గ్రూప్-బై’. ఇది కనిపిస్తే శుభవార్తే: ఇండెక్స్‌లో ప్రతి రికార్డూ చదవకుండా ఒక గ్రూప్ నుంచి ఇంకో గ్రూప్‌కు దూకుతోందని అర్థం. మినిమమ్, మాక్సిమమ్ అడిగే క్వెరీల్లో ఇది వస్తుంది. మొత్తాలు కూడే క్వెరీలో రాదు, అక్కడ ప్రతి రికార్డూ చదవక తప్పదు. 8.0.18 నుంచి ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ అక్కడా ఉంది, వాళ్లకు చెప్పండి.

టైమ్ కొలవడం పూర్తిగా మానేయమని అనడం లేదు. కొలిస్తే మొదటిసారి నడిపిన టైమ్ పక్కన పెట్టండి, అందులో డిస్క్ నుంచి చదివిన ఖర్చు కలిసి ఉంటుంది. ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ ప్రతి నోడ్‌లో గడియారం చూసుకోవడం వల్లే కొంత నెమ్మదిస్తుంది. 2 కోట్ల రికార్డుల మీద అది చిన్నది కాదు, టైమింగ్ ఆఫ్ పెట్టి నడపండి.

ప్రొడక్షన్‌లో ఇలాంటివి ఇంకెక్కడ దాక్కున్నాయో తెలుసుకోవాలంటే, లాగ్_టెంప్_ఫైల్స్‌ను ఒక రోజు 0 పెట్టి చూడండి. సార్ట్, హ్యాష్ డిస్క్‌కు రాసిన ప్రతి తాత్కాలిక ఫైలూ, దాని సైజుతో లాగ్‌లోకి వస్తుంది. లాగ్ బాగా పెరిగిపోతే 0 బదులు 10 ఎంబీ లాంటి హద్దు పెట్టండి. ఆ జాబితాలో పైనున్న ఐదు క్వెరీలే మీరు రాయబోయే మొదటి ఐదు టెస్టులు. లీడ్‌కు చూపించడానికి కూడా అంతకన్నా మంచి మొదలు లేదు.

ఈ వారం స్టాటిస్టిక్స్ చేసి, అనలైజ్ నడిపి, కొత్త ప్లాన్ పంపండి. గ్రూపుల అంచనా దిగినా పెద్ద సార్ట్ ఇంకా ఉంటే, ఆ టేబుల్ పార్టిషన్లుగా (ముక్కలుగా విడదీసి) ఉందేమో కూడా రాయండి. పార్టిషన్ వారీగా గ్రూప్ చేసే సౌకర్యం పోస్ట్‌గ్రెస్‌లో మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, అప్పుడు ముందు దాన్ని చూడాలి.